తూకంలో అర నిమిషం

తొమ్మిది గంటలకి నా చేతిలో ఉన్నవి ఇవీ: ఒక చిన్న పళ్ళెం, పళ్ళెంలో కాగితం కప్పు, కప్పులో బఠాణీ బద్దలా పసుపుపచ్చగా ఉన్న గుండె మాత్ర ఒకటి, మెడలో స్టెతస్కోపు, మణికట్టు మీద మా ఆవిడ బెరిల్ కొనిపెట్టిన సెకన్ల ముల్లున్న గడియారం, జేబులో నాలుగు మడతల ఫారం. ఆ ఫారంలో పదిహేను గళ్ళు. ఒక రోగికి తప్పులేకుండా మందిచ్చానని టీచరు సంతకం పెడితే ఒక గడి నిండుతుంది. పద్నాలుగు నిండాయి. పదిహేనోది ఈ ఉదయం పది గంటలకి నోస్‌వర్తీ మేడం కింది అంతస్తులో మీటింగు ముగించుకుని పైకొచ్చి పెట్టాలి. ఇప్పుడు తొమ్మిదీ ఏడు. మాత్ర ఒకప్పటి పడవ సరంగు సెల్బీ టిజ్జర్డ్ గారి కడుపులో ఉంది, కప్పు చెత్తబుట్టలో ఉంది, నేను ఆయన మంచం పక్కన కుర్చీలో ఉన్నాను, నా చెవుల్లో ఆయన గుండె ఉంది. యాభై ఏడు. రెండోసారి లెక్కపెట్టాను, యాభై ఎనిమిది. మూడోసారి యాభై ఆరు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా అరవై కాలేదు.

ఈ మాత్ర ఇచ్చే ముందు ఎడమ చనుమొన కింద స్టెతస్కోపు ఆనించి, నిండు నిమిషం గుండె దెబ్బలు లెక్కపెట్టాలి. అరవైకి తగ్గితే మాత్ర ఇవ్వకూడదు, దాన్ని పట్టుకుని పెద్ద నర్సు దగ్గరికి నడవాలి. గుండెని నెమ్మదింపజేసే మందు ఇది, ఇప్పటికే నెమ్మదించినదానికి ఇస్తే ఎక్కడ నిలిపేస్తుందో ఎవరూ చెప్పలేరు. పైగా ముసలి ఒంట్లో ఇవాళ్టిది ఇవాళ ఖర్చయిపోదు, నిన్నటి మీద ఇవాళ్టిది పేరుకుంటుంది. మందుల పాఠం మొదలైన వారమే నోటుబుక్కులో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. గుండె తడబడుతూ కొట్టుకునేవాళ్ళకి అర నిమిషం లెక్క పనికిరాదని కూడా రాసుకున్నాను, పరీక్షలో అదే ప్రశ్న వస్తే మార్కులన్నీ తెచ్చుకున్నాను. సరంగు గుండె తడబడే గుండె. అయినా నేను లెక్కపెట్టింది అర నిమిషమే. ముప్పై ఒకటి వచ్చింది, రెండుతో హెచ్చవేశాను, అరవై రెండని కాగితం మీద వేశాను, మాత్ర నోట్లో పెట్టాను, నీళ్ళిచ్చాను, మింగేదాకా నిలబడ్డాను. నిలబడటంలో మాత్రం ఏ లోటూ చెయ్యలేదు.

ఆ అర నిమిషం ఎందుకు మిగుల్చుకున్నానంటే, పక్క గదిలో నా తరగతిలోనే చదివే వెల్మా నవ్వింది. వెల్మా నవ్వడం కొత్త కాదు, ఆ నవ్వు కింద ఇంకో నవ్వు వినిపించింది, అది నోస్‌వర్తీ మేడంది. ఏడు నెలల్లో మా తరగతి పదకొండు మందిలో ఎవరమూ ఆవిడ నవ్వు వినలేదు. నేను చెవుల్లోంచి గొట్టాలు తీసింది అది వినడానికి. అంతకుముందు ఆవిడ నాతో మందుల బండి దగ్గర రెండు నిమిషాలు నిలబడింది, లేబులు మూడుసార్లు చదివించుకుంది, నువ్వు ఇచ్చెయ్ రోలండ్, కాగితం చూసి పదింటికి సంతకం పెడతాను అని పక్క గదిలోకి పోయింది, అటునుంచి కింద మీటింగుకి. వెల్మా పక్కనయితే ఈ వారమంతా పొద్దుటినుంచీ నిలబడుతోంది. నేను లెక్క వేశాను. సోమవారం నాకు ఆరు నిమిషాలు, వెల్మాకి యాభై. మంగళవారం నాకు నాలుగు, వెల్మాకి గంటా పది. నలభై ఎనిమిదేళ్ళ మగవాణ్ణి, ఇరవై రెండేళ్ళు ఈ రేవులో కొట్టు నడిపినవాణ్ణి, టీచరు ఎవరి పక్కన ఎంతసేపు నిలబడిందో లెక్కపెట్టుకుంటున్నానని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన లెక్క ఆగదు.

సరంగు కళ్ళు మూసుకున్నాడు. పళ్ళెంలో రొట్టె అలాగే ఉంది, బెర్రీల జామ్ పైన పొర కట్టింది, టీ మీద పాలు తెట్టు కట్టాయి. కిటికీ బయట పొగమంచు రేవు మీద కూర్చుని ఉంది, పడవలు ఒడ్డున బోర్లా ఉన్నాయి, ప్రభుత్వం కాడ్ చేపల వేట ఆపేసి మూడేళ్ళయింది. వేట ఆగితే వలలు ఎవరికి, తాళ్ళు ఎవరికి, ఉప్పు ఎవరికి. సగం ఊరు పనుల కోసం దేశానికి అటు చివరున్న అల్బర్టాకి పోయింది, మిగిలిన సగాన్ని ప్రభుత్వం చదువుకోమంది. వలలు కుట్టేవాళ్ళు కంప్యూటర్లు నేర్చుకున్నారు, నేను కొట్టుకి తాళం వేసి నర్సింగులో చేరాను, తరగతిలో ఒక్కణ్ణే మగవాణ్ణి. చేరేటప్పుడు ఆలోచించే చేరాను. ఈ ఊళ్ళో చేపలు అయిపోతాయి, ముసలివాళ్ళు అయిపోరు. సరుకు ఉన్నచోట కొట్టు పెట్టాలి. ఈ వృద్ధాశ్రమంలో జూన్ నెలలో నర్సు ఉద్యోగం ఒక్కటే ఖాళీ అవుతుంది. దాని మీద కన్ను వేసినవాళ్ళం ఇద్దరం, నేనూ, వెల్మా స్టక్‌లెస్. మిగతావాళ్ళు ఎక్కడికైనా పోగలరు. బెరిల్ ఈ రేవు దాటి ఉండలేనంది. వెల్మాకి ఇద్దరు పిల్లలు, సముద్రం మీదికి పోయి తిరిగిరాని మొగుడు, కొండ మీద అత్తగారు. ఆమెకీ ఇక్కడే కావాలి. అందుకే నాకు ఆ పదిహేనో గడి ఇవాళే నిండాలి. శుక్రవారం మేడం ఆశ్రమం వాళ్ళకి పేరు పంపుతుంది.

మొదట్లో వెల్మా మీద నాకు ఏమీ లేదు, జాలి తప్ప. చేపల కార్ఖానాలో పదహారేళ్ళు కత్తి పట్టిన మనిషి, వేళ్ళ మీద తెల్లటి గాట్లు, దశాంశం చుక్క చూస్తే కన్నీళ్ళు పెట్టుకునేది. మూడో వారం పరీక్షలో ఇరవైకి ఏడు. మా ఇంటికి వచ్చింది, వంటింటి బల్ల దగ్గర కూర్చుంది, బెరిల్ బెల్లపు పాకం రొట్టె కోసి పెట్టింది, నేను లెక్క చెప్పాను. మోతాదు లెక్క సూత్రం ఒక్కటే, కావలసినదాన్ని చేతిలో ఉన్నదానితో భాగించడం. డాక్టరు రాసింది ఎంత, సీసాలో ఉన్నది ఎంత. నాకు అది పుట్టుకతో వచ్చిన లెక్క, ఇరవై రెండేళ్ళు నేను చేసింది అదే, గిరాకీ అడిగినదీ నా అలమారులో ఉన్నదీ. ఆమెకి తాళ్ళతో చెప్పాను. పది బారల తాడు చుట్ట ఉంది, నీకు రెండున్నర బారలు కావాలి, చుట్టలో ఎన్నో వంతు కోస్తావు అన్నాను. పావు వంతు అంది, అడిగీ అడగకముందే. అదే మాత్ర అన్నాను. ఆమె రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేసి, నన్ను ఇంటిపేరుతో పిలుస్తూ, ఇంత సులువా కీపింగ్ గారూ అంది. ఆరు వారాలు వచ్చింది. చివరి పరీక్షలో నాకు తొంభై ఎనిమిది, ఆమెకి తొంభై ఒకటి. ఏడు మార్కుల తేడా నాది. కానీ మేడం తరగతిలో పేరెత్తింది ఆమెది. ఇంత దూరం నడిచి వచ్చినవాళ్ళని చూడండి అంది. నా సరుకు కొనుక్కుపోయి నా కొట్టు ఎదురుగానే నాకంటే బాగా అమ్ముతున్నట్టు అనిపించింది. దారం నాది, కుట్టు ఆమెది, మెప్పు పూర్తిగా ఆమెది.

అయినా మార్కులు కాదు నన్ను కోసింది. నేను గదిలోకి వెళితే ముసలివాళ్ళు చెయ్యి చాపుతారు, మాత్ర తీసుకుంటారు, మింగుతారు. ఆమె వెళితే చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకుంటారు, మాత్ర తర్వాత. పేరు చెప్పండి, పుట్టినరోజు చెప్పండి అని నేనడిగితే, నీకు తెలీదా నా పేరు, ముప్పై ఏళ్ళు మీ నాన్న కొట్లో ఉప్పు కొన్నాను అని కసురుతారు. ఆమె అదే ప్రశ్న అడిగితే పేరూ పుట్టినరోజూ మాత్రమే కాదు, పుట్టినరోజున మంచు ఎంత కురిసిందో కూడా చెబుతారు. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన వేళ. అయిదూ నాకు నిద్రలో కూడా వచ్చు. ఆమెకి ఆరోది ఏదో వచ్చు, అది పుస్తకంలో లేదు, నేను అమ్మలేదు, ఎక్కడ తెచ్చుకుందో తెలీదు.

"తూకం సరిపోయిందా, షావుకారూ?"

సరంగు కళ్ళు తెరవలేదు, మాట మాత్రం వచ్చింది. ఏ తూకమని అడిగాను. ఎనభై ఒక్కేళ్ళ గొంతు, నవ్వుతోందో దగ్గుతోందో తెలీదు.

"మాత్రకి ముందు నా గుండె మీద చెవి పెట్టావే, అది. మధ్యలోనే ఎత్తేశావు. ఆ పిల్ల అయితే చివరిదాకా వింటుంది. అది వింటున్నంతసేపూ నేను ఊపిరి కూడా మెల్లగా తీస్తాను, పాపం లెక్క తప్పుతుందేమోనని."

గొట్టాలు చెవుల్లో ఉన్నట్టు నటించాను, నిజానికి ఉన్నాయి కూడా, యాభై ఏడు. ఆయన ఆపలేదు. ముల్లు నిలవకముందే చదివేవాడివోయ్ అన్నాడు. మేం అమ్మకానికి తెచ్చిన ఎండుచేపలు కాటా మీద వేస్తే ముల్లు ఇటూ అటూ ఊగేది, మీ నాన్న అది నిలిచేదాకా పైపు కాల్చుకుంటూ నిలబడేవాడు, నువ్వు కిందికి ఊగినప్పుడే చదివేసి పుస్తకంలో వేసేవాడివి అన్నాడు. తగువు పెట్టుకునేవాళ్ళం కాదు, నీకు తొందర అనుకునేవాళ్ళం అన్నాడు. ఈ మాట ఇరవై రెండేళ్ళలో ఒక్కడూ నా మొహం మీద అనలేదు. అంటే అందరికీ తెలుసు. కాటా చుట్టూ నిలబడి, టోపీలు చేతుల్లో పట్టుకుని, ఆ ముల్లు నిలవకముందే నా పెన్సిలు కదలడం చూస్తూ, ఊరుకున్నారు. నేను దాన్ని చలాకీతనం అనుకున్నాను. మా నాన్న నెమ్మది మనిషి, కొట్టు పెంచలేకపోయాడు, నేను పెంచాను అనుకున్నాను. అర సెకను తూకంలో కోసి పెంచిన కొట్టు. ఇప్పుడు కాటా లేదు, గడియారం ఉంది, దానికీ ఒక ముల్లుంది.

తొమ్మిదీ పద్దెనిమిది. చెప్పొచ్చు. పెద్ద నర్సు నడవా ఆ చివర ఉంది, పొద్దున్నే జారిపడ్డ మనిషి దగ్గర. చెబితే జరిగిన తప్పు రాసిచ్చే ఫారం వస్తుంది, పదిహేనో గడి పోతుంది, శుక్రవారం వెల్మా పేరు వెళుతుంది. చెప్పకపోతే? యాభై ఏడుకీ అరవైకీ మూడు దెబ్బలు. మూడు దెబ్బలకి ఎవరూ చావరు. నిన్న అరవై నాలుగు, మొన్న అరవై ఆరు, కాగితం మీద ఉన్నాయి. పది గంటల దాకా ఇక్కడే కూర్చుంటాను, కనిపెట్టి ఉంటాను, మేడం చూస్తే శ్రద్ధ అనుకుంటుంది. ఇలా లెక్కలు వేస్తూ నిన్నటి కాగితం మళ్ళీ తిప్పాను. అందులో వెల్మా రాత ఉంది, పిల్లల రాతలా గుండ్రంగా. తిన్నది ఒక్క పూటకి ఒక్క మాట రాస్తే చాలు, సగం, పావు, లేదు అని. ఆమె కథ రాసింది. రొట్టె పావు వంతు తిన్నారు, సూపు వద్దన్నారు, టీ లోహం రుచి వస్తోందన్నారు, కడుపులో తిప్పుతోందన్నారు, ఎప్పుడూ ఇలా అనరు అని. నిన్న సాయంత్రం ఇది చదివాను. నాలో నేను నవ్వుకున్నాను. మేడం చూడటానికే ఇంత పొడుగు రాసిందనుకున్నాను. ఒక కొట్టువాడు పక్క కొట్టు బోర్డు చదివినట్టు చదివాను, అక్షరాల సైజు చూశాను, సరుకు చూడలేదు.

నా కోపం అంతా పోయిన గురువారం మీద ఉంది. ఆ రోజు మధ్యాహ్నం వెల్మా మేడం గదిలోకి వెళ్ళింది, తలుపు వేసుకున్నారు. నలభై నిమిషాలు. కెటిల్ ఈల వేయడం వినిపించింది, టీ తాగుతున్నారన్నమాట. బయటికి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో రుమాలు ఉంది, మేడం చెయ్యి ఆమె భుజం మీద ఉంది. మర్నాటి నుంచే మేడం ఆమె పక్కన నిలబడటం మొదలుపెట్టింది, ఇంకో రెండు గదుల మందులు కూడా ఆమెకిచ్చింది. నాకు అర్థమైపోయింది. ఇద్దరు పిల్లలు, మొగుడు లేడు, అల్బర్టా పోలేను అని ఏడ్చింది. ఏడ్చి ఉద్యోగం సంపాదించుకుంది. నేను ఏడవలేను, మా ఇంట్లో అది నేర్పలేదు. ఆ రాత్రి బెరిల్‌తో అన్నాను, కన్నీళ్ళకి ఉన్న గిరాకీ తొంభై ఎనిమిది మార్కులకి లేదని. బెరిల్ గిన్నె తుడుస్తూ, నువ్వు ఆ పిల్లకి తాడు లెక్క చెప్పిన రోజు నీ మొహం చూసుంటే బాగుండేది, అలాంటి మొహం నీకు ఉందని నాకే తెలీదు అంది. దానికీ దీనికీ సంబంధం ఏమిటో నాకు తెలియలేదు.

సరంగు కళ్ళు తెరిచాడు. కిటికీ వైపు చూశాడు, తర్వాత తల పైనున్న లైటు వైపు.

"పొగమంచు లోపలికి వచ్చిందేమిటోయ్. లైటు చుట్టూ పసుపుపచ్చటి వలయం. పాత దీపస్తంభంలా ఉంది."

గదిలో పొగమంచు లేదు. లైటు తెల్లగా వెలుగుతోంది. పసుపు వలయం. పుస్తకంలో ఎడమ పేజీలో కింద, చిన్న డబ్బాలో ఉంది ఆ మాట, నేను ఎర్ర సిరాతో చుట్టూ గీశాను కూడా. తిండి సయించకపోవడం, కడుపులో తిప్పడం, వెలుతురు చుట్టూ పసుపు, గుండె నెమ్మదించడం. మందు ఒంట్లో ఎక్కువైపోయిన మనిషి ఇచ్చే నాలుగు గుర్తులు. ఒకటి నిన్న వెల్మా కాగితంలో ఉంది, రెండోదీ అందులోనే ఉంది, మూడోది ఇప్పుడు ఆయన నోటివెంట వచ్చింది, నాలుగోది నా చెవుల్లో ఉంది. నిండిన పీపాలో నేను ఇంకో చెంబు పోశాను. ఆయన చేతిని చూశాను, దుప్పటి మీద, తాళ్ళు లాగి లాగి వేళ్ళు వంకరపోయిన చెయ్యి, దానికి నేను ఇరవై రెండేళ్ళు తక్కువ తూచాను. గంట తాడు లాగాను. గడియారం చూశాను, అలవాటు, తొమ్మిదీ ముప్పై నాలుగు. పెద్ద నర్సు రావాలని కోరుకున్నాను. ఊళ్ళో ఇంకెవరొచ్చినా సరే, ఆమె ఒక్కతె రాకూడదనుకున్నాను.

వెల్మా వచ్చింది. చేతిలో దువ్వెన ఉంది, పక్క గది ముసలావిడకి జుట్టు దువ్వుతోంది కాబోలు. నా మొహం చూసి దువ్వెన జేబులో పెట్టుకుంది. నేను చెప్పాను. అర నిమిషం, ముప్పై ఒకటి, రెండుతో హెచ్చవేశాను, తర్వాత యాభై ఏడు, లైటు చుట్టూ పసుపు. వరసగా, సరుకు జాబితా చదివినట్టు చదివాను. ఆమె నా మెడలోంచి స్టెతస్కోపు తీసుకుని, సెల్బీ మామా, చల్లగా ఉంటుంది, ఓర్చుకో అని ఆయన ఛాతీ మీద ఆనించి, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడింది. ఒక మనిషి నిమిషం పాటు ఇంకేమీ చేయకుండా ఉండటం నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. సరంగు నిజంగానే ఊపిరి మెల్లగా తీశాడు. యాభై నాలుగు అంది.

తర్వాత నా వైపు తిరిగింది.

"మీరు ఆయన దగ్గర ఉండండి, నేను పెద్ద నర్సుని పట్టుకొస్తాను. భయపడకండి కీపింగ్ గారూ. పోయిన గురువారం నాదీ ఇదే గతి."

గురువారం ఏమిటన్నాను. గుమ్మంలో నిలబడే చెప్పింది, వేళ్ళు తలుపు మీద. నాలుగో గది ముసలావిడ మింగలేక కక్కుతోందని, పాపం అనిపించి, మెల్లగా కరగాల్సిన మాత్రని పొడి చేసి ఆపిల్ గుజ్జులో కలిపి పెట్టిందట. పొడి చేయకూడని మాత్ర. పగలంతా కొద్దికొద్దిగా పనిచేయాల్సిన మందు ఒక్కసారే ఒంట్లో పడింది. స్పూను కడుగుతుంటే గుర్తొచ్చిందట, తడి చేతులతోనే పరిగెత్తి చెప్పిందట. ముసలావిడ రక్తపోటు పడిపోయి, సాయంత్రానికి తేరుకుంది.

"ఎంతసేపట్లో చెప్పావు?"

"అయిదు నిమిషాలేమో. మేడం గదిలోనే తప్పు ఫారం రాశాను. అందుకే మేడం వారం నుంచి నా వెనకే నిలబడి ప్రతి లేబులూ మూడుసార్లు చదివిస్తోంది. ఇంకో రెండు గదులు కూడా ఇచ్చింది, బాగా అలవాటు కావాలని. శిక్ష అంటే శిక్షే. ఇవాళ పొద్దున ఆ ముసలావిడే, ఈ పిల్ల నాకు మందుల పేర్లు వల్లెవేయిస్తోంది, నేనే నర్సు అయిపోతాను అంది, మేడంకి కూడా నవ్వొచ్చింది."

ఆమె పోయింది. నడవాలో బూట్ల చప్పుడు, పరుగు కాదు, పరిగెత్తకూడదు, వేగంగా నడక. నేను ఆ చప్పుడు వింటూ నా లెక్కలు ఒక్కోటి తిరగేశాను. సోమవారం ఆమెకి యాభై నిమిషాలు, అది కాపలా. నాకు ఆరు నిమిషాలు, అది నమ్మకం. మేడం నన్ను ఒంటరిగా వదిలేసింది నేను తప్పు చేయనని అనుకున్నందుకు. నాకు దొరికినదాన్ని అలక్ష్యం అనుకున్నాను, ఆమె అనుభవించినదాన్ని వరం అనుకున్నాను, ఆ వరం మీద కన్ను పెట్టి ఒక ముసలి గుండె మీద చెవి తీసేశాను. మూసిన తలుపు వెనక జరిగింది ఒక తప్పు ఫారం నింపడం. దాని మీద నేను వారం రోజులు అసూయపడ్డాను.

పెద్ద నర్సు వచ్చింది, ఫోను దగ్గరికి వెళ్ళి డాక్టరుని పిలిచింది. ఇక మందు ఆపమన్నాడు, రక్తం తీయమన్నాడు, గుండె గీతల యంత్రం మధ్యాహ్నానికి వస్తుందన్నాడు, అప్పటిదాకా పావుగంటకోసారి నాడి చూడమన్నాడు. ఇవాళ్టి ఒక్క మాత్రదే కాదట, చాలా రోజులుగా పేరుకున్నది, కానీ ఇంకో రెండు రోజులు పోసుంటే వేరే సంగతి అట. నోస్‌వర్తీ మేడం పది గంటలకి వచ్చింది. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది, విన్నది, మధ్యలో అడ్డుపడలేదు. అర నిమిషం ఎందుకు అని అడిగింది. పక్క గదిలో నవ్వు వినిపించిందన్నాను. ఆవిడకి అర్థమైందని నాకు తెలుసు, ఎందుకంటే కాసేపు తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత తప్పు ఫారం ఇచ్చింది. పదిహేనో గడి గురించి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు, దాని అవసరం రాలేదు.

మందుల కాగితంలో అరవై రెండు దిద్దాలి. ఇక్కడ రబ్బరు వాడకూడదు, తెల్ల రంగు పూయకూడదు, అంకె మీద అంకె వేయకూడదు. తప్పు మీద ఒక్క గీత మాత్రమే కొట్టాలి, కింది అంకె కనపడుతూనే ఉండాలి, పక్కన సరైనది రాసి పేరులో పొడి అక్షరాలు పెట్టాలి. కొట్లో నా దగ్గర మంచి రబ్బరు ఉండేది. అరవై రెండు మీద గీత కొట్టాను. పక్కన రాయబోతే మేడం ఆపింది. నేను చూస్తుండగా మళ్ళీ లెక్కపెట్టు, ఇప్పటి అంకె కింది గడిలో వెయ్యి, నువ్వు మాత్ర ఇచ్చాక చూసిన యాభై ఏడు పక్కన వెయ్యి, రెండూ ఉండాలి అంది. తన గడియారం విప్పి నా ముందు పెట్టింది.

సరంగు చొక్కా గుండీ తానే విప్పుకున్నాడు. చెవి పెట్టాను. మొదటి అర నిమిషం ఇరవై తొమ్మిది, నాకు తెలిసిన దారే, తడబడుతూ, అప్పుడప్పుడూ రెండు అడుగులు కలిపి వేస్తూ. ముప్పయ్యో సెకను దాటింది. మాత్ర ఇచ్చేముందు ఇక్కడినుంచి నేను వినలేదు. గుండె అడుగు వేసింది, ఆగింది, నేను ఎదురుచూశాను, ఆగే ఉంది, అప్పుడు వేసింది. మళ్ళీ ఆగింది. ఈ సగంలోనే ఉన్నాయి ఆ ఖాళీలన్నీ. ఎనభై ఒక్కేళ్ళ మనిషి తెడ్డు ఎత్తిపట్టుకుని అల కోసం చూస్తున్నట్టు ప్రతి ఖాళీలోనూ కాసేపు నిలబడి, తర్వాత వేస్తున్నాడు. ఇరవై నాలుగు. మొత్తం యాభై మూడు. గొట్టాలు చెవుల్లోంచి తీయడానికి మనసు రాలేదు, ఇంకో రెండు దెబ్బలు ఊరికే విన్నాను, అవి లెక్కలోకి రావు.

"ముల్లు నిలిచిందా, షావుకారూ?" అన్నాడు సరంగు.

నిలిచిందన్నాను.

నా గంట లెక్క ఇదీ. ఇచ్చిన మాత్ర ఒకటి, ఇవ్వకూడనిది. పోయిన సంతకం ఒకటి, దానితోపాటు జూన్ నెల ఉద్యోగం కూడా అనుకుంటున్నాను. తప్పు తెలిశాక నోరు తెరవడానికి వెల్మాకి పట్టింది అయిదు నిమిషాలు, నాకు పట్టింది ఇరవై ఏడు. తేడా ఇరవై రెండు నిమిషాలు, సరిగ్గా నేను కొట్టు నడిపిన ఏళ్ళ లెక్క. మేడం నిలబడ్డ నిమిషాల మీద నాకు ఇక అసూయ లేదు, ఈ ఇరవై రెండింటి మీద ఉంది, ఇది తొందరగా పోయేది కూడా కాదు. ఇక చేతికొచ్చినది: ముప్పయ్యో సెకనుకీ అరవయ్యో సెకనుకీ మధ్య ఇరవై నాలుగు దెబ్బలు, ఒక్కటీ తక్కువ కాకుండా.